స్నో ఎక్కడ ఎక్కువ పడుతుంది? చలి ఎక్కువున్న చోటేనా?

(అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, సిరక్యూస్‌లో మన తెలుగువాళ్లు ఆదివారం కలిసినప్పుడు జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? ఆ, సరే. పిల్లల్ని పక్క రూములోకి పంపకండి, ఉండనివ్వండి, ఇవాళ్టి సంగతి పెద్దవాళ్లకన్నా వాళ్లకే బాగా నచ్చుతుంది.

ఇక్కడున్నవాళ్లలో పొద్దున్నే డ్రైవ్‌వే తవ్వుకోకుండా వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు కదా. అంటే స్నో ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి మొన్నే వచ్చిన అమ్మానాన్నలు కూడా వారంలో నేర్చేసుకుని ఉంటారు. నేను చెప్పేదల్లా ఎవరికి ఎక్కువ పడుతుంది, ఎందుకు పడుతుంది, అంతే.

ముందు మీరు చెప్పండి, భూమ్మీద ఎక్కడ ఎక్కువ స్నో పడుతుంది? అంటార్కిటికా అన్నారు, సరే. సైబీరియా, సరే. హిమాలయాలు, అలాస్కా... ఇంకా? జపాన్ అని ఒక్కరు కూడా అనలేదు చూశారా. మామూలుగా అందరూ చెప్పే జవాబులివే, ఎందుకంటే మనం చలిని, మంచుని ఒకే లెక్కలో వేసేస్తాం. చలి ఎంత ఎక్కువైతే స్నో అంత ఎక్కువ అనుకుంటాం. ఈ ఒక్కటి మీ బుర్రలోంచి తీసేస్తే నా పని అయిపోయినట్టే.

అంటార్కిటికా సంగతే చూద్దాం. 1983 జూలైలో వోస్టోక్ స్టేషన్లో మైనస్ 89.2 డిగ్రీలు నమోదయింది, భూమ్మీద థర్మామీటరు పెట్టి కొలిచినవాటిల్లో అంతకన్నా చలి లేదు. మరి దక్షిణ ధ్రువం దగ్గర ఏడాది మొత్తానికి కొత్తగా పేరుకునే స్నో ఎంతో తెలుసా? ఓ జానెడు, కాస్త అటూ ఇటూ. అది ఎడారండీ. కిలోమీటర్ల మందాన ఐస్ ఉంది కదా అంటారేమో, ఉంది, కానీ అది లక్షల ఏళ్లుగా కరక్కుండా దాచుకున్నది, ఏటా కుప్పలు కుప్పలుగా పడింది కాదు. జీతం తక్కువే గానీ ఖర్చు అసల్లేదు, అదీ దాని కథ.

ఎందుకలా? గాలికి నీటి ఆవిరిని పట్టుకునే శక్తి దాని వేడిని బట్టి ఉంటుంది. ముప్పై డిగ్రీల గాలి, అంటే మన మచిలీపట్నంలో గాలి అనుకోండి, ఒక ఘనపు మీటరుకి ముప్పై గ్రాముల దాకా ఆవిరి మోయగలదు. సున్నా డిగ్రీలకి వచ్చేసరికి అది ఐదు గ్రాములు. మైనస్ ఇరవైకి వెళ్తే ఒక గ్రాము. ఒకే ఒక్క గ్రాము! చేతిలో ఏమీ లేనివాడు ఏం పంచుతాడు చెప్పండి? కాబట్టి బాగా స్నో పడాలంటే సున్నాకి కొంచెం కిందే ఉండాలి, మరీ కిందకి పోకూడదు. పక్కన గడ్డకట్టని నీళ్లుండాలి, ఆ నీళ్ల మీదుగా గాలి రావాలి, వచ్చిన గాలిని పైకి తోసే కొండ ఒకటి ఉంటే ఇంక తిరుగులేదు. ఇవన్నీ ఎక్కడ బాగా కుదిరాయా అని చూసుకుంటూ పోతే ర్యాంకులు వాటంతటవే వచ్చేస్తాయి.

మన ఊరితో మొదలుపెడదాం, ఇంటి సంగతి ముందు చూసుకోవాలి కదా. సిరక్యూస్‌కి ఏడాదికి సగటున పదడుగుల దగ్గర పడుతుంది. బఫెలోకి ఎనిమిదడుగుల దగ్గర. ఈ రెండు ఊళ్లూ, రోచెస్టర్, ఆల్బనీ, బింగమ్టన్ ఏటా గోల్డెన్ స్నోబాల్ అని ఒకటి పెట్టుకుని ఎవరికి ఎక్కువ పడిందా అని పోటీ పడతాయి, ఎక్కువసార్లు గెలిచేది మనమే. గెలిచినందుకు ఏం ఒరిగిందీ అంటే, నడుం నొప్పి.

మన సిటీ కౌన్సిల్ కథ ఎంతమందికి తెలుసు? 1992 మార్చి చివర్లో, ఇంక విసుగొచ్చేసి, డిసెంబర్ 24 దాకా సిరక్యూస్ నగరంలో స్నో పడటాన్ని నిషేధిస్తున్నాం అని తీర్మానం పాస్ చేశారు. నిజంగానండీ, జోక్ కాదు, అంటే జోకే, కానీ నిజంగా పాస్ చేసిన జోకు. ఆ తర్వాతొచ్చిన చలికాలం, 1992-93లో, 192 అంగుళాలు పడింది. పదహారు అడుగులు. ఈ ఊరి చరిత్రలో అదే రికార్డు, ఇవాళ్టిదాకా ఎవరూ కొట్టలేదు. తీర్మానం మాత్రం మళ్లీ పెట్టలేదనుకుంటా.

ఇంత ఎందుకు పడుతుంది మనకి? లేక్ ఎఫెక్ట్ అని వాతావరణం వార్తల్లో రోజూ చెప్తారు కదా, అదే. కెనడా నుంచి పొడిగాలి వస్తుంది, ఒంటారియో సరస్సు మీదకి వస్తుంది, సరస్సు నీళ్లు ఇంకా వేసవి వేడి కాస్త దాచుకుని ఉంటాయి. పైన కిలోమీటరున్నర ఎత్తులో గాలికీ, కింద నీళ్లకీ మధ్య ఓ పదమూడు డిగ్రీల తేడా వచ్చిందంటే చాలు, కింద గాలి వేడెక్కి, ఆవిరి తాగి, బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. ఆ ఆవిరే ఒడ్డు చేరగానే స్నో. ఈ సరస్సు తూర్పు పడమరలుగా మూడొందల కిలోమీటర్ల పొడవు, గాలి సరిగ్గా పొడుగునా వీచిందనుకోండి, మొత్తం దారంతా తాగుకుంటూ వచ్చి తూర్పు ఒడ్డున కక్కుతుంది.

ఆ తూర్పు ఒడ్డున ఏముంది? టగ్ హిల్. ఇక్కణ్ణుంచి కారులో గంట ప్రయాణం, చూడని వాళ్లు వెళ్లి చూడండి, కానీ జనవరిలో కాదు. పెద్ద కొండేం కాదు, ఆరొందల మీటర్ల ఎత్తు మెట్టభూమి. ఆ చిన్న ఎత్తుకే గాలి ఇంకాస్త పైకి లేస్తుంది, మనకి పదడుగులైతే వాళ్లకి పదహారు, ఇరవై. అక్కడ హుకర్ అనే చోట 1976-77లో 466.9 అంగుళాలు పడింది, దాదాపు పన్నెండు మీటర్లు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఊహించుకోండి.

బఫెలో వాళ్లది వేరే కథ. ఇక్కడ బఫెలోలో చదువుకున్నవాళ్లు ఉన్నారుగా? ఆ, మీకు తెలుసు. వాళ్ల పక్కనున్న ఈరీ సరస్సు లోతు తక్కువ, సగటున పంతొమ్మిది మీటర్లే, ఒంటారియో లోతు కొన్నిచోట్ల రెండొందల నలభై దాటుతుంది. లోతు తక్కువ కాబట్టి ఈరీ జనవరి, ఫిబ్రవరిలో గడ్డకట్టేస్తుంది, గడ్డకడితే మూత పెట్టినట్టే, ఆవిరి ఆగిపోతుంది. అందుకే వాళ్లకి దెబ్బ నవంబర్, డిసెంబర్లలో గట్టిగా తగులుతుంది. 2014 నవంబర్లో చూడండి, ఊరికి దక్షిణాన శివార్లలో కొన్నిచోట్ల ఏడడుగులు పడింది, అదే రోజుల్లో ఉత్తరం వైపు వాళ్లకి కొన్ని అంగుళాలు. ఒకే ఊరు! ఒక వీధిలో నిలబడి చూస్తే గోడ కట్టినట్టు తెల్లగా మేఘం, ఇటుపక్క ఎండ. ఆ మేఘపు పట్టీ అంత సన్నగా ఉంటుంది. కాబట్టి "బఫెలోకి ఎంత పడింది" అని ఇండియా నుంచి ఫోన్ చేసి అడిగే బాబాయిగారికి, ఏ పేటలో అని ఎదురు అడగాలి.

సరే, మనం గొప్పే. ఇప్పుడు ఆ గొప్ప కాస్త దించుకుందాం. జపాన్ వెళ్దాం.

మ్యాపులో చూడండి, జపాన్ ఉత్తరాన ఔమోరి అని ఊరు, మూడు లక్షలకి కాస్త తక్కువ జనాభా. న్యూయార్క్ సిటీ ఏ అక్షాంశం మీద ఉందో దాదాపు అదే గీత మీద ఉంది. న్యూయార్క్ సిటీకి ఏడాదికి రెండున్నర అడుగులు పడితే ఎక్కువ. ఔమోరికి? ఏ ముప్పై ఏళ్ల సగటు తీసుకున్నారు, ఎలా కొలిచారు అన్నదాన్ని బట్టి దాదాపు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల మధ్య చెప్తారు. అడుగులు కాదమ్మా, మీటర్లు. మనకి రెట్టింపు. పొలిమేరలో పల్లెటూరేం కాదు, బస్సులు, స్కూళ్లు, ఆఫీసులు, అన్నీ ఉన్న నగరం. ఇంకా ఉత్తరాన సపోరో ఉంది, ఇరవై లక్షల దగ్గర జనాభా, అక్కడ ఐదు మీటర్ల దగ్గర పడుతుంది. అంత పెద్ద నగరం, అంత స్నో, ఆ రెండూ కలిసిన చోటు ప్రపంచంలో ఇంకోటి చెప్పడం కష్టం.

ఔమోరి వెనకాల హక్కోడా కొండలున్నాయి. ఆ కొండల్లో సుకాయు అని వేడినీళ్ల బుగ్గ, దానికో సత్రం, పక్కనే వాతావరణ శాఖ వాళ్ల కొలిచే పరికరం. అక్కడ ఏడాది సగటు పదిహేడు మీటర్లకి పైన. సగటు! మన హుకర్ రికార్డు పన్నెండు అని చెప్పుకున్నాం కదా, వాళ్లకి మామూలు ఏడాదే పదిహేడు. 2013 ఫిబ్రవరి 26న అక్కడ నేల మీద నిలిచి ఉన్న స్నో లోతు 566 సెంటీమీటర్లు. ఇదే కొండల్లో 1902 జనవరిలో శిక్షణకి వెళ్లిన 210 మంది సైనికులు తుఫానులో చిక్కుకుంటే 199 మంది చనిపోయారు. ఊరికి దగ్గర్లోనేనండీ ఇది, ఎక్కడో ఎవరెస్టు మీద కాదు.

మరి వాళ్లకి ఇంత ఎలా పడుతోంది? ఇది అర్థం కావాలంటే మన నెల్లూరు వెళ్లాలి. నెల్లూరు వాళ్లున్నారా? ఆ, నమస్కారం. మీకు పెద్ద వానలు ఎప్పుడండీ? అక్టోబర్, నవంబర్. ఈశాన్య రుతుపవనాలు. ఆ గాలి బయల్దేరినప్పుడు భూమి మీద నుంచి వచ్చే పొడిగాలే, బంగాళాఖాతం మీదుగా వస్తూ నీళ్లు తాగుతుంది, మీ ఒడ్డు చేరి కురుస్తుంది. జపాన్లో జరిగేదీ అచ్చం ఇదే. సైబీరియా మీద చలికాలమంతా బరువైన చల్లగాలి కూర్చుంటుంది, ఎముకలు కొరికే చలి, కానీ పొడి, అందుకే యాకుట్స్క్ లాంటి చోట చలి భయంకరంగా ఉన్నా స్నో కుప్పలుండవు. ఆ గాలి ఆగ్నేయంగా జారి జపాన్ సముద్రం మీదకి వస్తుంది. ఆ సముద్రంలోకి దక్షిణం నుంచి సుషిమా ప్రవాహమని వెచ్చటి నీళ్లు వస్తుంటాయి. గాలి మైనస్ ముప్పైల నుంచి వస్తోంది, నీళ్లు కొన్నిచోట్ల పది డిగ్రీల దాకా ఉన్నాయి. మనకి పదమూడు డిగ్రీల తేడాకే ఇంత జరుగుతుంటే అక్కడ ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి. సముద్రం కాబట్టి ఈరీ లాగా గడ్డకట్టి మూత కూడా పడదు. దాటగానే ఎదురుగా జపాన్ వెన్నెముక లాంటి కొండలు, రెండువేలు, మూడువేల మీటర్లు. ఇంక ఏం మిగులుతుంది? ఉన్నదంతా అక్కడే దించేసుకుని వెళ్లాలి.

కొండ దాటితే ఏంటి? టోక్యో. చలికాలంలో టోక్యోలో రోజుల తరబడి నీలాకాశం, పొడి ఎండ. అక్కణ్ణుంచి జపాన్ సముద్రం వైపున్న నీగతా వెళ్లే బుల్లెట్ ట్రైన్ దారిలో ఇరవై రెండు కిలోమీటర్ల టన్నెల్ ఉంది. ఇటు ఎండలో లోపలికెళ్తే అటు స్నోలో బయటికొస్తారు.

ఇంకో విచిత్రం. నేల మీద నిలిచిన స్నో లోతులో ప్రపంచ రికార్డు ఎక్కడుందో తెలుసా? ఇబుకి అనే కొండ మీద, 1927 ఫిబ్రవరి 14న, 11.82 మీటర్లు. ఆ కొండ ఎత్తెంత? 1,377 మీటర్లు. అక్షాంశం? శ్రీనగర్‌కి కాస్త పైన అంతే, క్యోటోకి దగ్గర్లో. హిమాలయం కాదు, ధ్రువం కాదు. ఆ గీత మీద, అంత చిన్న కొండ మీద. అక్కడ కొండల వరసలో ఒక సందు ఉంది, సముద్రం మీద గాలి ఆ సందులో దూరి నేరుగా ఇబుకికి కొట్టుకుంటుంది. ఆ కింద నుంచే టోక్యో ఒసాకా బుల్లెట్ ట్రైన్ వెళ్తుంది, పట్టాల మీద నీళ్లు చిమ్ముతూ, స్పీడు తగ్గించుకుంటూ వెళ్తుంది అక్కడ. దేశమంతటా టైముకి నడిచే బండి ఆ ఒక్క సందు దగ్గర లేటవుతుంది.

వాళ్లు ఎలా బతుకుతున్నారు అని అడుగుతున్నారు. బానే బతుకుతున్నారు, నాగవోకా అనే ఊళ్లో రోడ్డు మధ్యలో పైపులేసి భూగర్భ జలాలు చిమ్ముతారు, బావి నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయి కదా, స్నో కరిగిపోతుంది. తకాడా అనే ఊళ్లో షాపుల ముందు పొడుగునా చూరు దించి నడవలు కట్టుకున్నారు, రోడ్డు పూడిపోయినా జనం ఆ నడవలో నడిచెళ్తారు. కానీ కష్టం కష్టమే. ఇంటి కప్పు మీద మీటరు లోతు కుదురుకున్న స్నో ఉంటే చదరపు మీటరుకి మూడొందల కిలోల బరువు. దించకపోతే ఇల్లు కూలుతుంది, దించడానికి ఎక్కేది ఎవరు? పిల్లలు టోక్యో వెళ్లిపోయారు, డెబ్బై ఏళ్ల తాతగారు ఎక్కాలి. 2005-06 చలికాలంలో స్నో వల్ల 152 మంది చనిపోయారు, ఎక్కువమంది పెద్దవాళ్లే, కప్పు మీద పని చేస్తూ పోయినవాళ్లే చాలామంది. ఇది మన దగ్గరా అంతే, పెద్దవాళ్లు షవల్ పట్టుకుని గుండె మీదకి తెచ్చుకోకండి. అల్లుడు ఉన్నాడుగా, చేస్తాడు.

సరే, జపానే ఫస్టా? అక్కడే తిరకాసు. ఒక సీజన్లో ఎక్కువ పడిన రికార్డు జపాన్‌ది కాదు, మన అమెరికాదే, కానీ మన వైపు కాదు, అటు చివర. వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ బేకర్ స్కీ ఏరియా, 1998-99, 1,140 అంగుళాలు. ఇరవై తొమ్మిది మీటర్లకి పిసరంత తక్కువ. దానికి ముందు రికార్డు దాని దక్షిణాన రెయినియర్ కొండ మీద ప్యారడైజ్‌ది, 1971-72, 1,122 అంగుళాలు. మళ్లీ అదే సూత్రం చూసుకోండి, పసిఫిక్ మహాసముద్రం మీద తడిగాలి, ఎదురుగా కాస్కేడ్ కొండలు. అక్కడ పెద్ద చలి కూడా ఉండదు, చాలా రోజులు సున్నా దగ్గరే. కింద సియాటిల్లో అదే మేఘం వాన. సియాటిల్లో మనవాళ్లు గొడుగేసుకుని కాఫీ తాగుతుంటే పైన అంతస్తులు అంతస్తులుగా పడుతుంటుంది.

ఇక్కడ ఒక మెలిక, స్కీ ఏరియాలో కొలిచారు కాబట్టి రికార్డు వాళ్లదైంది. ఇంకా పైన శిఖరం దగ్గర ఎంత పడిందో? ఎవరు కొలిచారు? రికార్డు అనేది పడినచోట ఉండదండీ, స్కేలు పట్టుకుని మనిషి నిలబడ్డ చోట ఉంటుంది. మన హిమాలయాల సంగతీ అదే. పశ్చిమ దిక్కు నుంచి మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకుని అలజడులొస్తాయి, కాశ్మీర్లో పీర్ పంజాల్ కొండల మీద, గుల్మార్గ్ మీద బాగా కురుస్తాయి, వెనకనున్న లేహ్‌కి వచ్చేసరికి ఏమీ ఉండదు, లేహ్ చల్లటి ఎడారి. సియాచిన్ మీద ఒక చలికాలంలో పది మీటర్ల స్నో పడుతుందని చెప్తారు. 2016 ఫిబ్రవరిలో అక్కడ పంతొమ్మిదివేల అడుగుల పైన మంచు చరియ కింద పది మంది జవాన్లు పోయారు, అందులో మన కర్నూలు జిల్లా అబ్బాయి కూడా ఉన్నాడు. అంత ఎత్తుల్లో వరసగా కొలిచిన లెక్కలు తక్కువ, అందుకే పోటీలో హిమాలయాల పేరు సరిగ్గా రాదు.

కొలత గురించి ఇంకో కథ చెప్పి ఆపుతాను, ఇది మన పక్కూరిదే. 1997 జనవరిలో టగ్ హిల్ మీద మాంటేగ్ అనే ఊళ్లో ఒక్క రోజులో 77 అంగుళాలు పడింది. అప్పటికి అమెరికా రికార్డు కొలరాడోలో సిల్వర్ లేక్ దగ్గర 1921 ఏప్రిల్లో పడిన 75.8. అంటే మనం కొట్టేశాం! టీవీల్లో వచ్చేసింది. తర్వాత వాతావరణ శాఖ కమిటీ కూర్చుని చూసి, చెల్లదు అన్నారు. ఎందుకు? స్నో పడుతున్నకొద్దీ తన బరువుకి తనే అణుగుతుంది. నేల మీద పెట్టిన పలక మీద కొలిచి, తుడిచి, మళ్లీ కొలిస్తే అణిగేలోపే కొలిచినట్టు, లెక్క పెరుగుతుంది. అందుకని ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకూడదని రూలు. మాంటేగ్‌లో ఆరుసార్లు కొలిచారు. పోయింది. మరి ఆ 1921 రికార్డు ఎలా తేలింది? ఇరవై ఏడున్నర గంటల్లో 87 అంగుళాలు పడితే అందులో ఇరవై నాలుగు గంటల వాటా ఎంతో లెక్కగట్టి 75.8 అన్నారు! అది చెల్లింది, మనది చెల్లలేదు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నేను టగ్ హిల్ మనిషిని కాకపోయినా.

జపాన్లో ఇప్పుడు యంత్రాలు గంటగంటకీ లోతు చూసి పెరిగినంతా కూడతాయి, ఇక్కడ మనిషి పలక తుడుస్తాడు. అందుకే దేశానికీ దేశానికీ పోల్చినప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుంది, ఒకటి రెండు అడుగుల తేడాకి కొట్టుకోకండి. నా లెక్కలో మాత్రం మనుషులు బతికే ఊళ్లలో జపాన్ పశ్చిమ తీరమే, దాన్ని ఎవరూ దాటలేరు. ఒక్క సీజను కుప్ప అంటే కాస్కేడ్ కొండలు. సిరక్యూస్ అమెరికా పెద్ద ఊళ్లలో గట్టిదే, ప్రపంచం ముందు మాత్రం మధ్య వరస.

ఆ, ఏంటి నాన్నా? మనం కూడా కొలవచ్చా? కొలవచ్చు. భలే అడిగావు. కోకోరాస్ అని ఉంది, కొలరాడోలో 1998లో మొదలైంది, ఇప్పుడు దేశమంతా మామూలు జనం ఇంటి వెనకాల వాన, స్నో కొలిచి పంపిస్తారు. రెండడుగుల చెక్క తీసుకుని తెల్ల పెయింటు వెయ్యి, నల్లది వేస్తే ఎండకి వేడెక్కి కరిగిపోతుంది. చెట్టుకీ గోడకీ దూరంగా, గాలి కుప్ప పోయని చోట పెట్టు, ఎక్కడ పెట్టావో తెలియడానికి పక్కన ఒక జెండా పాతు, లేకపోతే మర్నాడు చెక్క కోసమే తవ్వుకోవాలి. పొద్దున ఏడింటికి స్కేలు పెట్టి చూసి, రాసుకుని, తుడిచెయ్యి. రోజుకి ఒక్కసారి చాలు. సరదా పుట్టి ఆరుసార్లు కొలిచావో, మాంటేగ్ వాళ్ల గతే నీకూ. సరే, టీ వచ్చినట్టుంది, మిగతా ప్రశ్నలు అక్కడ.